నలుగురే వస్తున్నారు, పాఠం మానేయనా?

పాఠకుల ప్రశ్నలు, అక్క జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే దారిలో ఉన్నాయి. చెప్తున్నాం, ఎవరూ వినట్లేదు, ఇక ఊరుకుందామా అని. అందుకని పెళ్ళి సంబంధాల ప్రశ్నలూ ఆస్తి తగాదాల ప్రశ్నలూ వచ్చే నెలకి పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను. పేర్లు వద్దన్నారు కాబట్టి ఊళ్ళు మాత్రం వేశాను.

ప్రశ్న: వందనాలు అక్కా. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ మా సంఘంలో సండే స్కూల్ చెప్తున్నాను. ఒకప్పుడు పరిచిన చాపలు చాలేవి కావు, ఇప్పుడు నలుగురైదుగురు వస్తే గొప్ప. ఆదివారం పొద్దున కూడా స్కూలువాళ్ళు స్టడీ అవర్లు పెడుతున్నారు, ఆపైన ట్యూషన్లు, ఫోన్లు. మొన్న మా సంఘ పెద్ద ఒకాయన అందరి ముందూ "ఈ నలుగురి కోసం బిస్కెట్లూ పుస్తకాలూ దండగ కదమ్మా" అనేశారు. ఇంటికొచ్చి ఏడ్చాను. మానేయమంటారా?

జవాబు: మానొద్దు చెల్లీ. ఆ పెద్దాయనకి కోపం లేకుండా ఒక్క మాట చెప్పు, "వచ్చే ఆదివారం మీరూ వచ్చి వెనక కూర్చోండి బాబుగారూ" అని. వస్తే సంతోషం, రాకపోతే బిస్కెట్ల లెక్క మళ్ళీ ఎత్తరు.

ముప్ఫైమంది ఉన్నప్పుడు నీ సమయంలో సగం "మాట్లాడకండి, చేతులు కట్టుకోండి" అనడానికే పోయి ఉంటుంది. నలుగురైతే ఏ పిల్లకి అక్షరాలు కూడబలుక్కోవడం కష్టమో, ఏ పిల్లవాడు పొద్దున ఏమీ తినకుండా వచ్చాడో, ఎవరి ఇంట్లో రాత్రి గొడవ జరిగిందో నీకు తెలుస్తుంది. అది తెలిశాక చెప్పే పాఠం వేరుగా ఉంటుంది. కంఠత వాక్యం అప్పజెప్పించుకుని స్టిక్కరు ఇచ్చి పంపేయడం కాకుండా, ఆ వాక్యాన్ని వాళ్ళ మాటల్లో చెప్పించు. దావీదు గొల్యాతు కథ నువ్వు చెప్పకు, వాళ్ళలో ఒకరిచేత చెప్పించు, తప్పులు పోనీ. మిగతా ముగ్గురూ సరిదిద్దడానికి ఎగబడతారు, ఆ అరగంటలో నేర్చుకున్నది గుర్తుంటుంది.

ఇక వేళ సంగతి. ఆదివారం తొమ్మిదింటికే సండే స్కూలు పెట్టాలని బైబిల్లో ఎక్కడా లేదు. 1780లో ఇంగ్లండులో గ్లోస్టర్ అనే ఊళ్ళో రాబర్ట్ రైక్స్ అనే పత్రికాయన ఈ బళ్ళు మొదలుపెట్టించినప్పుడు ఆదివారమే ఎందుకు పెట్టాడంటే, ఆ పేద పిల్లలు మిగతా ఆరు రోజులూ పనుల్లో నలిగిపోయేవాళ్ళు, తీరిక దొరికేది ఆ ఒక్క రోజే. అక్కడ చదవడం, రాయడం కూడా నేర్పేవాళ్ళు. అంటే పిల్లల తీరికని బట్టి రోజు ఎంచారు. మరి ఇవాళ మన పిల్లలకి ఆదివారం పొద్దున తీరిక లేకపోతే, అదేదో పాపమన్నట్టు తల్లిదండ్రుల మీద కేకలేసే బదులు, శనివారం సాయంత్రానికో ఆదివారం అయిదు గంటలకో మార్చుకుంటే పోయేదేముంది? మీ పాస్టరు గారితో మాట్లాడు. చర్చి గేటు తాళం ఎవరి దగ్గరుందన్నదే చాలా ఊళ్ళలో అసలు సమస్య, దానికి విశ్వాసం తగ్గిపోయిందని పెద్ద పేరు పెడతాం.

రాని పిల్లల ఇళ్ళకి కూడా వెళ్ళు, కానీ "ఎందుకు రావట్లేదు?" అన్న ప్రశ్నతో వెళ్ళకు. మే నెలలో వీబీఎస్, అంటే వేసవి సెలవుల బైబిలు బడి, పెట్టినప్పుడు రంగులూ యాక్షన్ సాంగులూ చూసి ఊరంతా వస్తారు, జూన్‌లో బళ్ళు తెరవగానే మాయమవుతారు, మనకి కోపం వస్తుంది, దారిలో కనిపిస్తే "ఏరా కనపడట్లేదు" అని దెప్పుతాం. అది విన్న పిల్లవాడు ఆ మర్నాటి నుంచి మనల్ని చూసి సందు మారిపోతాడు. పునరుత్థానమైన ఆదివారం సాయంత్రం ప్రభువు శిష్యుల దగ్గరికి వచ్చినప్పుడు తోమా లేడు కదా. ఎనిమిది రోజులయ్యాక మళ్ళీ వచ్చినప్పుడు "పోయిన వారం ఎక్కడికి పోయావు" అని ఆయన అడగలేదు, తిన్నగా అతనికి అవసరమైన చోటికే వెళ్ళి, ఇదుగో నా చేతులు చూడు అన్నాడు. హాజరు పట్టీ తర్వాత చూసుకుందాం.

ఇంకో సంగతి. నీ నలుగురిలో ఎవరో ఒకరు ఏదో ఒక రోజు అడుగుతారు, "టీచర్, మా నాన్న తాగుడు మానాలని రోజూ ప్రార్థన చేస్తున్నా, దేవుడు ఎందుకు మాన్పించట్లేదు?" అని. గోదావరి జిల్లాల్లో ఏ పేటలోనైనా ఈ ప్రశ్న ఉంటుంది. అప్పుడు నీ పుస్తకంలో ఉన్న జవాబు వెతక్కు. "నీ విశ్వాసం చాలలేదు" అని పొరపాటున కూడా అనకు, ఆ మాట పసిపిల్ల మీద వేసే బండరాయి. "నాకూ తెలీదమ్మా, కానీ నువ్వు అడగడం దేవుడు వింటున్నాడని నమ్ముతున్నాను, నేనూ నీతో కలిసి అడుగుతాను" అను, అని ఊరుకోకుండా ఆ వారంలో వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళి కాసేపు కూర్చో. రాత్రిపూట ఆ పిల్ల భయపడితే వచ్చి పడుకోవడానికి ఒక ఇల్లుందా, కనుక్కో. ఆ రోజుకి సండే స్కూల్ పాఠం అదే.

ఫలితం కనపడటం లేదన్న దిగులు నీ ఒక్కదానిదే కాదు. మీ పాలకొల్లు, నరసాపురం చుట్టూ సువార్త పని మొదలుపెట్టిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ 1836లో ఇంగ్లండు నుంచి వచ్చారు. ఒకాయన తాపీ పనివాడు, ఒకాయన చెప్పులు కుట్టేవాడు, పెద్ద చదువులేం లేవు, వెనక మిషనరీ సొసైటీల జీతం లేదు. భాష నేర్చుకోవడం దగ్గర్నుంచీ మొదలు. ఏళ్ళు గడిచినా విన్నవాళ్ళే గానీ నమ్మినవాళ్ళు దాదాపు లేరు. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైతే ఎక్కడెక్కడి నుంచో కూలీలు వచ్చారు, బౌడెన్ వెళ్ళి వాళ్ళ మధ్య బోధించాడు. జనం దగ్గరికి రాకపోతే జనం ఉన్న చోటికి వెళ్ళాడు, అంతే. రాజమండ్రి లూథరన్ మిషన్ కథ ఇంకోటి. 1842లో గుంటూరు వచ్చిన ఫాదర్ హయర్ అనే మిషనరీ తర్వాత అమెరికా వెళ్ళిపోయారు. రాజమండ్రి పని నడపలేక వేరేవాళ్ళకి అప్పగించేద్దాం అన్న మాట వచ్చినప్పుడు, 1869లో, డెబ్బై ఆరేళ్ళ వయసులో, నేను వెళ్తానని మళ్ళీ ఓడెక్కి వచ్చాడాయన. నిన్ను డెబ్బై ఆరేళ్ళదాకా చెప్పమనడం లేదులే. వచ్చే శనివారం దాకా చెప్పు, తర్వాత ఆ పై శనివారం సంగతి చూద్దాం.

ప్రశ్న: అక్కా, నేను భీమవరంలో బీటెక్ చేశాను. ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూపులో ఒకడు మన వాళ్ళని "మతమార్పిడి బ్యాచ్" అన్నాడు. ఊరుకోలేక వాళ్ళ దేవుళ్ళ గురించి నేనూ గట్టిగా పెట్టాను, వీడియోలు పెట్టాను, వాడికి సమాధానం లేదు. ఇప్పుడు వాడు నాతో మాట్లాడటం మానేశాడు. నాలుగేళ్ళు ఒకే రూములో ఉన్నాం. సత్యం చెప్పడం తప్పా? రాజ్యాంగమే హక్కు ఇచ్చింది కదా?

జవాబు: తమ్ముడూ, హక్కు ఉంది. 25వ అధికరణం మతాన్ని నమ్మడానికి, ఆచరించడానికి, ప్రచారం చేయడానికి స్వేచ్ఛ ఇచ్చింది, శాంతిభద్రతలకూ నైతికతకూ ఆరోగ్యానికీ లోబడి. ప్రచారం అంటే మన విశ్వాసాన్ని వివరించి చెప్పుకోవడమే గానీ ఎదుటివాణ్ణి మార్చే హక్కు కాదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. అది చట్టం. కానీ నీ రూమ్మేట్ దగ్గర నువ్వు పోగొట్టుకున్నది హక్కు కాదు కదా.

అపొస్తలుల కార్యములు పందొమ్మిదో అధ్యాయం మళ్ళీ ఒకసారి తీసి చదువు. ఎఫెసులో పౌలు ఏళ్ళ తరబడి బోధించాడు, అర్తెమి దేవి గుడి ఉన్న ఊరది, చివరికి పెద్ద గలాటా లేచింది. జనాన్ని శాంతింపజేసిన కరణం ఏమన్నాడో చూశావా? వీళ్ళు గుడి దోచినవాళ్ళు కారు, మన దేవతను దూషించినవాళ్ళూ కారు అన్నాడు. ఆయన క్రైస్తవుడు కాదు, పౌలు చుట్టం అంతకన్నా కాదు. అన్నేళ్ళు అంత గట్టిగా బోధించినవాళ్ళ గురించి బయటివాడు ఆ సాక్ష్యం చెప్పగలిగాడంటే వాళ్ళ నోరు ఎంత అదుపులో ఉండి ఉండాలి! నీ ఫ్రెండ్ వాళ్ళన్నయ్యని పిలిచి నీ గురించి అడిగితే ఏం చెప్తాడు? నువ్వు పెట్టిన వీడియోలు చూపిస్తాడు.

కాబట్టి ముందు ఆ గ్రూపులో పెట్టినవి తీసెయ్యి, తీసేశానని అందులోనే రాయి. తర్వాత వాడికి ఫోన్ చెయ్యకు, వెళ్ళు. మనిషి ఎదురుగా నిలబడితే రాసినంత కటువుగా ఎవరూ మాట్లాడలేరు. సారీ చెప్పు, చెప్పి "కానీ నువ్వు కూడా..." అని మొదలుపెట్టకు. వాడు మనవాళ్ళని అన్న మాట నీకు నొప్పి కలిగించిందని ఇంకో రోజు చెప్పొచ్చు. సంక్రాంతికి వాళ్ళింటికి పిలిస్తే వెళ్ళు. పూజలో కూర్చోవడానికి నీ మనస్సాక్షి ఒప్పుకోకపోతే ఆ ముక్క నెమ్మదిగా చెప్పు, నాలుగేళ్ళు ఒక గదిలో ఉన్నవాడు అర్థం చేసుకుంటాడు. వాళ్ళమ్మ అరిసెలు తెచ్చి చేతిలో పెట్టినప్పుడు మాత్రం ముఖం తిప్పుకోకు తమ్ముడూ. ఆవిడకి నువ్వు చెప్పబోయే సువార్త మొదటి పేజీ నీ ముఖమే.

అంటే ఇక ఏసు గురించి మాట్లాడొద్దా అంటావేమో. మాట్లాడు. వాడు అడిగినప్పుడు దాచకుండా చెప్పు. నీలో ఉన్న నిరీక్షణ గురించి అడిగినవాళ్ళకి సాత్వికంతో జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమని పేతురు రాశాడు. అడగాలంటే ముందు నీతో మాట్లాడుతూ ఉండాలిగా.

ప్రశ్న: అమలాపురం నుంచి రాస్తున్నానండి. మా అబ్బాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చిన్నప్పుడు చర్చిలో తబలా వాయించేవాడు, ఇప్పుడు "అవన్నీ నాకు వద్దమ్మా" అంటున్నాడు. ఫోన్ చేసిన ప్రతిసారీ చర్చికి వెళ్ళావా అని అడుగుతాను, గొడవవుతుంది, ఇద్దరం పెట్టేస్తాం. ఇప్పుడు నా ఫోన్ ఎత్తడం కూడా తగ్గించాడు. తల్లిగా ఎలా చెప్పాలి?

జవాబు: అమ్మా, ఒక నెల రోజులు ఆ ప్రశ్న అడక్కండి. ఏం తిన్నావు, ఆఫీసులో టెన్షన్ తగ్గిందా, ఆ నడుం నొప్పి ఎలా ఉంది, ఇవే అడగండి. చర్చి సంగతి అడగకపోతే దేవుడికి ద్రోహం చేసినట్టు అనిపిస్తుంది మీకు, తెలుసు. తర్వాత గొప్ప క్రైస్తవ గురువైన ఆగస్టీను తల్లి మోనిక కూడా మీలాగే కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి ఒక బిషప్పు దగ్గరికి వెళ్ళి, మీరు వాడితో వాదించి మార్చండి అని కాళ్ళావేళ్ళా పడింది. ఆయన ఒప్పుకోలేదు. ఇప్పుడు చెప్పినా వినే స్థితిలో లేడు, వదిలెయ్యి, ప్రార్థన మాత్రం చెయ్యి, చదివి చదివి తనే తెలుసుకుంటాడు అన్నాడు. ఆవిడ ఊరుకోక ఇంకా బతిమాలితే విసుక్కున్నాడు కూడా, ఇన్ని కన్నీళ్ళు పెట్టించిన బిడ్డ నశించడు పొమ్మన్నాడు. ఆ కొడుకు 387లో మిలాన్‌లో బాప్తిస్మం తీసుకున్నాడు, ముప్ఫై దాటిన వయసులో. మీ అబ్బాయికీ అలాగే అవుతుందని నేను మాట ఇవ్వలేను, ఎవరూ ఇవ్వలేరు. కానీ తల్లి గొంతు వినగానే ఫోన్ పెట్టేయాలనిపించే పరిస్థితి మాత్రం మీ చేతిలో మారుతుంది.

వాడి సందేహాలేమిటో ఎప్పుడైనా పూర్తిగా విన్నారా? చర్చిలో ఎవరైనా ఏమైనా అన్నారేమో, డబ్బు విషయంలో ఏదైనా చూశాడేమో. మధ్యలో అడ్డు తగలకుండా ఒకసారి వినండి. క్రిస్మస్‌కి వస్తే ఆ తబలా తుడిచి ఉంచండి, వాయించమని మాత్రం అడక్కండి.

ప్రశ్న: నేను రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో సూపర్‌వైజర్‌ని. నా కింద పీలింగ్ సెక్షన్‌లో చాలామంది ఆడవాళ్ళు పనిచేస్తారు. షిఫ్టు మొదలయ్యే ముందు అందర్నీ నిలబెట్టి ప్రార్థన చేయించాలని నాకు ప్రేరణ. కొందరు ఇబ్బంది పడుతున్నట్టున్నారు. విశ్వాసం కోసం శ్రమలు వస్తాయని ముందే తెలుసు, కొనసాగించాలి కదా?

జవాబు: కొనసాగించొద్దు. ఇది శ్రమ కాదు బాబూ, శ్రమ పడుతున్నది వాళ్ళు. వాళ్ళ హాజరు నీ చేతిలో, ఓవర్‌టైం నీ చేతిలో, లీవు నీ చేతిలో ఉన్నప్పుడు నువ్వు "కళ్ళు మూసుకోండి" అంటే మూసుకుంటారు, దానికీ విశ్వాసానికీ సంబంధం లేదు. 1876 నుంచి 78 దాకా కరువొచ్చినప్పుడు ఒంగోలు మిషనరీ క్లౌ, బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. జనం బాప్తిస్మం ఇవ్వమని వస్తే కరువు సాయం నడిచినన్నాళ్ళూ ఇవ్వకుండా ఆపేశాడు, కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని. సాయం ముగిశాక కూడా వాళ్ళు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. సంఖ్య అందరూ చెప్తారు, ఆయన ఆగిన నెలల గురించి ఎవరూ చెప్పరు.

నువ్వు చేయగలిగింది చాలా ఉంది. ఐసులో చేతులు పెట్టి పెట్టి వేళ్ళు పాసిపోతాయి వాళ్ళకి, గ్లౌజులు చిరిగితే అడగ్గానే కొత్తవి ఇప్పించు. బాత్రూంకి వెళ్ళినందుకు కసురుకోకు. పంక్చువల్‌గా కూలి లెక్క రాయి. ప్రార్థన నువ్వొక్కడివీ ఇంటి దగ్గర చేసుకుని రా. ఇన్ని చేశాక ఎవరైనా అడిగితే, డ్యూటీ అయ్యాక, గేటు బయట, వాళ్ళు కాదని వెళ్ళిపోగలిగే చోట నిలబడి చెప్పు.

ప్రశ్న: రాజోలు వైపు మాది. ఉజ్జీవ కూటాలు (విశ్వాసాన్ని మేల్కొలిపే ప్రార్థన సభలు) పెట్టాం, మైకు రాత్రి పదిన్నర దాకా నడిచిందని పక్కవాళ్ళు పోలీసులకి చెప్పారు. ఇది హింసే కదా?

జవాబు: కాదు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆరుబయట మైకు వాడకూడదని శబ్ద కాలుష్య నిబంధనలు 2000 నుంచీ ఉన్నాయి, గుడికైనా మసీదుకైనా చర్చికైనా. తొమ్మిదిన్నరకి ముగించండి. పక్కింట్లో పదో తరగతి పరీక్షలు రాసే పిల్ల ఉంటే ఇంకా ముందే. ఆ ఇంటికి వెళ్ళి, ఈసారి మైకు తగ్గిస్తాం అని మీరే చెప్పిరండి.

ప్రశ్న: అమ్మా, నాది నరసాపురం దగ్గర. మా ఆయన పోయాక లేసు అల్లుకుని బతుకుతున్నాను. చదువు అంతంతమాత్రం. పేటలో ఆడవాళ్ళు నా దగ్గర అల్లడానికి కూర్చుంటారు, వాళ్ళకి దేవుని మాట చెప్పాలనుంటాది. కానీ నాకేం తెలుసని? పాస్టరమ్మగారు చెప్తేనే బాగుంటాది కదా?

జవాబు: పాస్టరమ్మగారు నెలకోసారి వస్తారు, నువ్వు రోజూ ఉంటావు. ఈ అల్లిక కూడా మిషనరీల ద్వారానే మన తీరానికి వచ్చింది, ఆ రోజుల్లో బైబిలు స్త్రీలు ఇలాగే గడపల్లో కూర్చుని ఆడవాళ్ళతో మాట్లాడేవాళ్ళు. వాళ్ళలో ఎంతమంది పండితులనుకున్నావు? బైబిల్లో అకుల, ప్రిస్కిల్ల అనే భార్యాభర్తలు డేరాలు కుట్టుకునేవాళ్ళు. అపొల్లో అనే బోధకుడు, అంతటి వక్త, తప్పిపోయిన ముక్క ఏదో వాళ్ళకి తెలిసింది, సభలో లేచి తప్పు పట్టలేదు, పక్కకి పిలిచి వివరంగా చెప్పారు. చేతిపని చేసుకునేవాళ్ళే చెప్పారు, గమనించు.

నీకు తెలిసింది చెప్పు. మీ ఆయన పోయినప్పుడు ఎలా నిలబడ్డావో, అప్పు ఎలా తీర్చావో, ఏ కీర్తన పాడుకుంటే ఆ రాత్రులు గడిచాయో చెప్పు. తెలియనిది అడిగితే తెలీదని చెప్పి, పాస్టరమ్మగారు వచ్చినప్పుడు అడిగి మళ్ళీ చెప్పు. వినడానికి ఇష్టపడని మనిషికి కూడా కొక్కీ పట్టుకోవడం అంతే ఓపికగా నేర్పు, ఆర్డరు పంచేటప్పుడు ఆ మనిషికి తక్కువ ఇవ్వకు. ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే పేటలో ఆడవాళ్ళు మాట కంటే ముందు లెక్క చూస్తారు.

చదవడం కష్టమైతే మీ మనవడిని అడిగి ఫోన్లో ఆడియో బైబిలు పెట్టించుకో. అల్లుతూ రోజుకో అధ్యాయం విను. నొక్కడం నీకు వచ్చినా సరే, రానట్టే ఉండి రోజూ వాడిచేతే పెట్టించు, వాడూ వింటాడు.